ఆముదం నుంచి సెబాసిక్ ఆసిడ్: మన దగ్గర చిన్న యూనిట్ నడుస్తుందా?

దేవరకొండ చెల్క

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర. ఎర్ర చెల్క, బోరు లేదు. చుట్టుపక్కల అందరూ పత్తికి మారినా మా నాన్న ఇంకా ఆముదాలే వేస్తాడు. దాసరి పురుగు తిన్నది తినగా, గెలలకు బూజు పట్టింది పోగా, మిగిలింది యార్డుకు తోలితే వాళ్ళు చెప్పిందే ధర.

మొన్న ఒక వీడియో చూశాను. ఆముదంలో కాస్టిక్ సోడా కలిపి గట్టిగా వేడి చేస్తే సెబాసిక్ ఆసిడ్ వస్తుందట. నైలాన్ తయారీకి, ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడతారట. ధర చూస్తే నూనె కంటే చాలా మీద ఉంది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేశాను. ఇద్దరు దోస్తులు పెట్టుబడికి రెడీగా ఉన్నారు. షెడ్డు ఉంది, త్రీ ఫేజ్ కరెంటు ఉంది. చిన్నగా మొదలుపెట్టొచ్చా? కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు కాస్త మెల్లగా, అర్థమయ్యేలా చెప్పండి.

లెక్కలు చూడు

మొదటి ప్రశ్న: కొనేది ఎవరు? రెండో ప్రశ్న: నీళ్ళు ఎక్కడ వదులుతావు? ఈ రెండింటికీ జవాబు రాసుకుని, ఆ తర్వాత కెమిస్ట్రీ అడుగు తమ్మీ.

దేవరకొండ చెల్క

నీళ్ళు ఎక్కడివి అన్నా? నూనె, కాస్టిక్ సోడా, మంట. అంతే కదా.

నల్లగొండ కెమిస్ట్రీ సార్

బాబూ, ముందు ఆముదం లోపల ఏముందో చూద్దాం. మిగతా నూనెల మాదిరిగానే ఇదీ గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న పదార్థమే. కాకపోతే ఆ ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం వరకు ఒక్కటే, రిసినోలియిక్ ఆసిడ్. పల్లి నూనెలోగానీ నువ్వుల నూనెలోగానీ ఇంత ఎక్కువగా ఒకే ఆమ్లం ఉండదు. ఆముదానికి పరిశ్రమల్లో ఉన్న గిరాకీ అంతా దీనివల్లే.

రిసినోలియిక్ ఆసిడ్ 18 కార్బన్ల గొలుసు. ఆమ్లం ఉన్న కొస నుంచి లెక్కపెడితే 9, 10 కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది. 12వ కార్బన్ మీద ఆల్కహాల్ గుంపు ఉంటుంది. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల గొలుసు అక్కడే బలహీనం. చెరుకు గడ కణుపు దగ్గర విరిగినట్టు వేడికి అక్కడ తెగుతుంది. ఎలా వేడి చేశామన్నదాన్ని బట్టి తెగే చోటు మారుతుంది.

కాస్టిక్ సోడాతో 180, 200 డిగ్రీల దగ్గర ఆపితే 10 కార్బన్ల హైడ్రాక్సీ ఆమ్లం, 2-ఆక్టనోన్ వస్తాయి. కాస్టిక్ ఎక్కువ వేసి 250 డిగ్రీలు దాటిస్తే నీవు అడిగిన సెబాసిక్ ఆసిడ్ సోడియం లవణంగా వస్తుంది. దాంతో పాటు 2-ఆక్టనాల్, హైడ్రోజన్ వాయువు వస్తాయి. అసలు కాస్టిక్ లేకుండా, నూనెను ముందు మిథనాల్‌తో మిథైల్ ఎస్టర్‌గా మార్చి, దాని ఆవిరిని 550 డిగ్రీల దగ్గర వేడి గొట్టం గుండా పంపితే గొలుసు 11, 7 గా తెగుతుంది. 11 కార్బన్ల ముక్క నుంచి అన్‌డిసైలెనిక్ ఆసిడ్, 7 కార్బన్ల ముక్కగా హెప్టాల్డిహైడ్ దొరుకుతాయి. మొదటిది నైలాన్-11కు మూలం. దాని జింక్ లవణం తామరకు వాడే పౌడర్లలో ఉంటుంది. రెండోది సెంట్ల వాళ్ళకు పోతుంది. గాలితో ఆక్సీకరిస్తే హెప్టనోయిక్ ఆసిడ్ అవుతుంది.

ఒకే నూనె, ఇన్ని ఆమ్లాలు. పాఠం చెప్పేటప్పుడు నాకు చాలా ఇష్టమైన నూనె ఇది. యూనిట్ సంగతి మాత్రం ప్లాంటులో పనిచేసేవాళ్ళు చెప్పాలి.

బి షిఫ్ట్

నేను జడ్చర్లలో ప్రొడక్షన్‌లో ఉన్నాను. సెబాసిక్ మా ప్రొడక్ట్ కాదు, కానీ కాస్టిక్‌తో, సల్ఫ్యూరిక్‌తో రోజూ పనే. వీడియోల్లో చూపించని సంగతులు రాస్తాను.

సార్ ఒక్క మాటలో దాటేశారు, హైడ్రోజన్. 298 గ్రాముల రిసినోలియిక్ ఆసిడ్ నుంచి లెక్క ప్రకారం 202 గ్రాముల సెబాసిక్, 130 గ్రాముల ఆక్టనాల్, 2 గ్రాముల హైడ్రోజన్ రావాలి. 2 గ్రాములే కదా అనిపిస్తుంది. కిలో సెబాసిక్‌కు లెక్క వేస్తే మామూలు వేడిలో దాదాపు 120 లీటర్ల గ్యాస్. 50 కిలోల బ్యాచ్ అంటే 6,000 లీటర్లు. రేకుల షెడ్డులో అది పైకప్పు కింద చేరుతుంది. పక్కన మోటారు స్టార్టర్ స్పార్క్ చాలు. దానికి తోడు ఆక్టనాల్ ఆవిరి కూడా మండేదే.

ఇక రియాక్టర్. 250 డిగ్రీల కాస్టిక్‌కు మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ ఆగదు. వెల్డింగుల దగ్గర పగుళ్ళు వస్తాయి. నికెల్ కావాలి, దాని ధర అడిగి చూడండి. లోపలి సరుకు సబ్బు కదా, చిక్కబడి నురగ కక్కుతుంది, కలిపే బ్లేడు తిరగదు. పలచన చేయడానికి పాత పద్ధతిలో ఫినాల్, క్రెసాల్ కలిపేవాళ్ళు. సీసం సమ్మేళనాలను ఉత్ప్రేరకంగా వేసేవాళ్ళు. అవి రెండూ చివరికి నీళ్ళలోకే వస్తాయి.

ఇక అన్న అడిగిన నీళ్ళ సంగతి. వచ్చింది సోడియం సెబాకేట్, అంటే సార్ చెప్పిన సెబాసిక్ సోడియం లవణం. దాన్ని నీళ్ళలో కరిగించి సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోయాలి. పిహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6 దగ్గరికి రాగానే మిగిలిన కొవ్వు ఆమ్లాలు నూనెలా పైకి తేలతాయి. వాటిని తీసేసి పిహెచ్ 2 వరకు దింపి చల్లారిస్తే సెబాసిక్ తెల్లని స్ఫటికాలుగా అడుగుకు చేరుతుంది. వడకట్టాక మిగిలేది సోడియం సల్ఫేట్ నీళ్ళు. కిలో సెబాసిక్‌కు తక్కువలో తక్కువ 700 గ్రాముల సోడియం సల్ఫేట్. కాస్టిక్ ఎప్పుడూ లెక్క కంటే ఎక్కువే వేయాలి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. దాంట్లో ఫినాల్ కూడా ఉంటే ఆ నీళ్ళను చెల్కలో వదలడం మాట మర్చిపోండి.

లెక్కలు చూడు

నా రెండో ప్రశ్నకు బి షిఫ్ట్ జవాబు రాసేశాడు. మన జిల్లాలో నీళ్ళకు ముందే ఫ్లోరైడ్ బాధ ఉంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టుకున్నారంటేనే మన బోర్ల సంగతి అర్థం చేసుకోవాలి. ఇప్పుడు దానికి ఉప్పు, ఫినాల్ కూడా కలుపుదామా?

పైగా సెబాసిక్‌లో చైనాదే పెద్ద చేయి. నూనె ఎక్కువగా మన దేశం నుంచే పోతుంది, అదీ గుజరాత్ నుంచి. అక్కడి పెద్ద మిల్లుల ధరతో పోటీ పడి, నికెల్ రియాక్టర్ అప్పు తీర్చి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు తెచ్చుకుని... బ్యాంకు మేనేజరు ఫైలు కూడా తెరవడు.

పాలమూరు బీఎస్సీ

సార్, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం. ఆమ్లాల తయారీ పద్ధతులు అనగానే మేం రాసేవి: ప్రైమరీ ఆల్కహాల్‌ను పర్మాంగనేట్‌తో ఆక్సీకరించడం, నైట్రైల్ జలవిశ్లేషణ, గ్రిగ్నార్డ్ కారకం మీద కార్బన్ డయాక్సైడ్, ఎస్టర్ జలవిశ్లేషణ. ఇక్కడ కాస్టిక్‌తో గొలుసును తెంపడం చూస్తున్నాను. ఫ్యాక్టరీల్లో మా పుస్తకంలోని పద్ధతులు అసలు వాడతారా?

నల్లగొండ కెమిస్ట్రీ సార్

మంచి ప్రశ్న తల్లీ. క్లాసులో ఎవరైనా ఇది అడిగితే బాగుండు అని చాలా ఏళ్ళు ఎదురుచూశాను.

పుస్తకంలోని పద్ధతులన్నీ నిజమే. అయితే అవి "ఈ అణువును ఎలా కట్టాలి" అన్నదానికి జవాబులు. టన్నుల్లో చేసేవాడు అడిగే ప్రశ్న వేరు. ఏది చౌక, చివర్లో ఏం మిగులుతుంది? ఈ రెండో ముక్క సిలబస్‌లో ఉండదు.

పర్మాంగనేట్ తీసుకో. టోలీన్‌ను దాంతో మరిగిస్తే బెంజోయిక్ ఆసిడ్ వస్తుంది, ల్యాబులో మీరే చేస్తారు. ఫ్లాస్కు గోడలకు పట్టిన గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ బురద కడుక్కోవడానికి పడే తిప్పలు కూడా తెలుసు. టన్ను చేసేవాడికి ఆ బురద టన్నుల్లో మిగులుతుంది. అందుకని ఫ్యాక్టరీలో అదే టోలీన్‌లోకి కొద్దిగా కోబాల్ట్ లవణం వేసి గాలి ఊదుతారు. గాలికి డబ్బులు కట్టక్కర్లేదు, మిగిలేది నీరు. పారాజైలీన్ నుంచి టెరిఫ్తాలిక్ ఆసిడ్ కూడా అంతే: ఎసిటిక్ ఆసిడ్ ద్రావణిగా, కోబాల్ట్, మాంగనీస్, బ్రోమైడ్ ఉత్ప్రేరకాలుగా, గాలి ఆక్సీకరణిగా. మీ పాలిస్టర్ బట్టలు, నీళ్ళ బాటిళ్ళు దాంతోనే.

ఎసిటిక్ ఆసిడ్ కథ ఇంకా బాగుంటుంది. మన దేశంలో మొలాసిస్ నుంచి ఆల్కహాల్, దాని నుంచి ఎసిటాల్డిహైడ్, దాన్ని మాంగనీస్ ఎసిటేట్ సమక్షంలో గాలితో ఆక్సీకరిస్తే ఎసిటిక్ ఆసిడ్. చక్కెర మిల్లులున్న దేశానికి అది కుదిరింది. బయట మాత్రం మిథనాల్‌కు కార్బన్ మోనాక్సైడ్‌ను నేరుగా జోడించే దారి పట్టారు. 1960లో కోబాల్ట్‌తో మొదలైనప్పుడు 250 డిగ్రీలు, దాదాపు 700 అట్మాస్ఫియర్ల పీడనం కావాల్సి వచ్చింది. 1970 ప్రాంతంలో మోన్‌శాంటో కంపెనీ రోడియం, అయొడైడ్ పెట్టి పీడనాన్ని 30, 40కి దించింది. వాడిన మిథనాల్‌లో 99 శాతం పైగా ఎసిటిక్ ఆసిడ్‌గానే మారుతుంది. 1996లో బీపీ కంపెనీ ఇరిడియంతో ఇంకో మెట్టు ఎక్కింది. ఇందులో పక్కన మిగిలే ఉప్పు లేదు, బురద లేదు. మిథనాల్‌లోని ప్రతి పరమాణువూ ఆమ్లంలోకే పోతుంది.

ఫార్మిక్ ఆసిడ్‌ది కూడా ఇదే దారి. పాత పద్ధతిలో కాస్టిక్ సోడాలోకి కార్బన్ మోనాక్సైడ్ పంపి సోడియం ఫార్మేట్ చేసి, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో విడగొట్టేవాళ్ళు. కిలో ఫార్మిక్‌కు కిలోన్నర పైగా సోడియం సల్ఫేట్ మిగిలేది. ఇప్పుడు మిథనాల్‌తో మిథైల్ ఫార్మేట్ చేసి, దాన్ని నీటితో విడగొట్టి, మిథనాల్‌ను మళ్ళీ వెనక్కి వాడుకుంటున్నారు. ఉప్పు సున్నా.

గ్రిగ్నార్డ్‌ను టన్నుల్లో చేసే ఆమ్లాలకు ఎవరూ ముట్టుకోరు. ఈథర్, మెగ్నీషియం, చుక్క నీరు పడకూడదు... ఖరీదైన మందుల దగ్గర మాత్రమే గిట్టుబాటు. నైట్రైల్ దారి కొన్నింటికి ఉంది. ఎసిటాల్డిహైడ్‌కు హైడ్రోజన్ సయనైడ్ కలిపి లాక్టోనైట్రైల్, దాన్ని జలవిశ్లేషణ చేస్తే లాక్టిక్ ఆసిడ్. అక్కడ కూడా అమ్మోనియం లవణం మిగులుతుంది. ఇప్పుడు లాక్టిక్ ఎక్కువగా పులియబెట్టే తీస్తున్నారు.

పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయి. మార్కులు వేసేది ఫ్యాక్టరీ మేనేజర్ కాదు.

పాలమూరు బీఎస్సీ

చాలా థ్యాంక్స్ సార్. ఈ చర్చ మొత్తం సేవ్ చేసుకున్నాను.

నకిరేకల్ నిమ్మతోట

ఆమ్లాల చర్చ అని చూసి వచ్చాను. మాది నిమ్మతోట. సీజన్‌లో కాయ దిగుబడి ఎక్కువై ధర పడిపోయిన రోజున కోత కూలీ కూడా రాదు. రాలిన కాయ చెట్టు కిందే కుళ్ళిపోతుంది. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆసిడే కదా. మన కాయ నుంచి మనమే తీయలేమా? దీంట్లో హైడ్రోజన్ లేదు, నికెల్ రియాక్టర్ లేదు.

నల్లగొండ కెమిస్ట్రీ సార్

తీయొచ్చు. 1784లో స్వీడన్ రసాయనవేత్త షీలే నిమ్మరసం నుంచే మొదటిసారి దాన్ని స్ఫటికాలుగా తీశాడు. రసాన్ని వేడి చేసి సున్నం కలిపితే కాల్షియం సిట్రేట్ అడుగున పేరుకుంటుంది. ఈ లవణానికి ఒక తిక్క ఉంది: చల్లటి నీటిలో కంటే వేడి నీటిలో తక్కువ కరుగుతుంది. అందుకని వేడిమీదే వడకట్టాలి. ఆ ముద్దను సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో కలిపితే కాల్షియం జిప్సంగా విడిపోతుంది, సిట్రిక్ ద్రావణంలో మిగులుతుంది. ఇటలీ వాళ్ళు చాలా కాలం ఇలాగే అమ్ముకున్నారు.

లెక్క చూడండి. రసంలో ఆమ్లం సుమారు 6 శాతం. 100 కిలోల కాయకు 40 కిలోల రసం వచ్చిందనుకున్నా ఆమ్లం రెండున్నర కిలోలు మించదు. తీసిన ప్రతి కిలోకూ 1.3 కిలోల పైగా జిప్సం మిగులుతుంది. 1917లో కర్రీ అనే ఆయన ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్లబూజు చక్కెరను సిట్రిక్ ఆసిడ్‌గా మారుస్తుందని చూపించాడు. రెండేళ్ళకే ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి మార్కెట్‌లో దొరికే సిట్రిక్ దాదాపు అంతా బూజు చేసిందే. దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పుకు నిమ్మకాయతో సంబంధం లేదు. 1880లోనే గ్లిజరిన్ నుంచి పూర్తిగా రసాయన పద్ధతిలో తయారు చేశారు కూడా, సయనైడ్ దశ దాటుకుని. అదెప్పుడూ ఫ్యాక్టరీ మెట్టు ఎక్కలేదు.

కల్వకుర్తి గానుగ

నిమ్మ అన్నా, సిట్రిక్ వద్దు. ఎండబెట్టిన నిమ్మ ఒరుగులు, పచ్చడి, రసం సీసాలు చూడండి. కాయగా ఉన్న విలువ ఆసిడ్ చేస్తే పోతుంది.

నకిరేకల్ నిమ్మతోట

అర్థమైంది అక్కా. చింతపండు నుంచి టార్టారిక్ కూడా ఇంతేనా? మా పాలమూరు బంధువులకు చింతచెట్లు ఉన్నాయి.

నల్లగొండ కెమిస్ట్రీ సార్

అంతే. పద్ధతి అదే, సున్నం, తర్వాత సల్ఫ్యూరిక్. పైగా చింతపండులోని పెక్టిన్ జిగురు వడకట్టనివ్వదు. చింతపండుగానే అమ్ముకోమనండి.

కల్వకుర్తి గానుగ

ఇప్పుడు నా ప్రశ్న. మాది చిన్న నూనె మిల్లు. పల్లి, కుసుమ, సీజన్‌లో ఆముదం పడతాం. పోయినేడు వానకు తడిసిన ఆముదాలు చౌకగా వస్తే కొన్నాం. గింజ కొంత పగిలి ఉంది. పట్టిన నూనె డ్రమ్ములు బయ్యర్ వెనక్కి పంపాడు, "ఆసిడ్ వాల్యూ" ఎక్కువట. మేం ఏ ఆసిడూ కలపలేదు. ఎండిన గింజ పట్టినప్పుడు ఈ గొడవ రాదు. నీళ్ళు తగిలితే నూనె ఎందుకు ఆసిడ్ అవుతుంది?

నల్లగొండ కెమిస్ట్రీ సార్

అక్కా, ఈ చర్చలో అసలు విషయం మీరే తెచ్చారు.

ఆముదం గింజలోనే లైపేజ్ అనే ఎంజైము ఉంది. మొక్క మొలకెత్తేటప్పుడు నూనెను విడగొట్టుకుని తినడానికి అది దాచుకున్న పనిముట్టు. గింజ పొడిగా, పగలకుండా ఉన్నంతకాలం నూనె ఒక గదిలో, ఎంజైము ఒక గదిలో ఉంటాయి. గింజ పగిలి తడి తగిలితే రెండూ కలుస్తాయి. ఎంజైము నీటిని వాడుకుని నూనెను గ్లిజరిన్‌గా, కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. మీ బయ్యర్ కొలిచింది ఆ విడిపోయిన రిసినోలియిక్ ఆసిడ్‌నే. మీకు అది నష్టం. దేవరకొండ బాబుకు అదే లాభం కావచ్చు.

1890లోనే ఆముదం గింజల్లో ఈ ఎంజైమును గుర్తించారు. 1902లో జర్మనీలో కాన్‌స్టీన్, హోయర్, వార్టెన్‌బర్గ్ దీన్ని నూనెలు విడగొట్టడానికి పనిముట్టుగా వాడొచ్చని చూపించారు. నూనె, నీళ్ళు, నూనె బరువులో కొద్ది శాతం తొక్కతీసి నూరిన పచ్చి ఆముదం గింజ, చిటికెడు మాంగనీస్ సల్ఫేట్, కొంచెం పలచటి ఎసిటిక్ ఆసిడ్. అన్నీ చిలికి 35 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచితే నూనెలో చాలా భాగం విడిపోతుంది. సబ్బు, కొవ్వొత్తుల పరిశ్రమలో కొంతకాలం నడిచింది. తర్వాత ఎక్కువ పీడనంతో ఆవిరి పంపి విడగొట్టే పద్ధతి వచ్చి దీన్ని పక్కకు నెట్టింది.

ఆవిరి పద్ధతి ఆముదానికి మాత్రం అంత మంచిది కాదు. 250 డిగ్రీల వేడికి రిసినోలియిక్‌లోని ఆల్కహాల్ గుంపు ఊరుకోదు. నీరుగా ఊడిపోతుంది, లేదా పక్క అణువులోని ఆమ్లంతో కలిసి ఎస్టోలైడ్ అనే బరువైన ఎస్టర్‌గా మారుతుంది. తక్కువ వేడిలో పనిచేసే ఎంజైము అందుకే దీనికి సరిపోతుంది.

బి షిఫ్ట్

మామూలు సబ్బు పద్ధతితో పోల్చి లెక్క వేశాను. కిలో ఆముదాన్ని కాస్టిక్‌తో పూర్తిగా సబ్బు చేయడానికి సుమారు 128 గ్రాముల కాస్టిక్. దాన్ని రిసినోలియిక్‌గా మార్చడానికి సుమారు 157 గ్రాముల సల్ఫ్యూరిక్. మిగిలేది 228 గ్రాముల సోడియం సల్ఫేట్, గ్లిజరిన్ కూడా ఆ ఉప్పు నీళ్ళలోనే ఇరుక్కుంటుంది. ఎంజైము పద్ధతిలో ఈ ఉప్పు లేదు. 100 గ్రాములకు కొంచెం తక్కువగా గ్లిజరిన్ ఉన్న నీళ్ళు మిగులుతాయి.

నా అనుమానాలు రెండు. చివర్లో నూనెకు, నీళ్ళకు మధ్య మజ్జిగలాంటి పొర ఏర్పడుతుంది, అది విడదీయడం నరకం. రెండోది రిసిన్. ఆముదం గింజలోని విషం అది. పచ్చి గింజ నూరుతామంటే జాగ్రత్త కావాలి.

నల్లగొండ కెమిస్ట్రీ సార్

రెండూ నిజమే. పొరను విడగొట్టడానికి పాతవాళ్ళు చివర్లో 80 డిగ్రీలకు వేడి చేసి కొంచెం సల్ఫ్యూరిక్ వేసేవాళ్ళు. అయినా కొంత మిగిలేది, దాన్ని తర్వాతి బ్యాచ్‌లో కలిపేవాళ్ళు.

రిసిన్ నూనెలో కరగదు. నీళ్ళలో, పిండిలో ఉండిపోతుంది. తడితో కలిపి బాగా మరిగిస్తే దాని విషం పోతుంది. మరిగించని నీళ్ళు, మడ్డి బయట పోయొద్దు. గొర్లు, మేకలు, బర్లు ఆ చుట్టుపక్కలకు రాకూడదు. పొడి గింజ నూరితే లేచే దుమ్ముతో కొందరికి ఆయాసం వస్తుంది, విషం సంగతి అటుంచి. అందుకని తడిపి నూరాలి, మూతికి మాస్కు, చేతికి గ్లౌజులు. పిల్లలున్న ఇంట్లో ఈ పని వద్దే వద్దు.

దేవరకొండ చెల్క

సార్, మన ఎండల్లో మే నెలలో షెడ్డు లోపల 44, 45 ఉంటుంది. ఎంజైము బతుకుతుందా?

నల్లగొండ కెమిస్ట్రీ సార్

40 దాటితే నీరసపడుతుంది. వానాకాలం, చలికాలం చేసుకో. ఎట్లాగూ ఆముదాలు చేతికొచ్చేది అప్పుడే కదా.

పుట్టపాక మగ్గం

ఈ చర్చ మా తమ్ముడు చూపిస్తే చదివాను. మా ఊళ్ళో తేలియా రుమాలు నేస్తాం. నూలు ఎరుపు పట్టాలంటే ముందు నూనె పట్టించాలి. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీళ్ళను నూనెలో కలిపి నూలును రోజుల తరబడి పిసుకుతాం, ఎండబెడతాం, మళ్ళీ తడుపుతాం. ఇది కూడా మీరు చెప్పే ఆమ్లాల పనేనా సార్?

నల్లగొండ కెమిస్ట్రీ సార్

అవునమ్మా. బూడిదలో ఎక్కువగా పొటాషియం కార్బనేట్ ఉంటుంది, అది క్షారం. నూనెలో కొంత భాగాన్ని సబ్బుగా మారుస్తుంది, మిగతా నూనె ఆ సబ్బు సాయంతో పాలలా కలిసిపోయి పోగు లోపలికి దిగుతుంది. ఎండలో, గాలిలో ఆక్సీకరణం కూడా జరుగుతుంది. ఆ కొవ్వు ఆమ్లాలు పటికలోని అల్యూమినియంను పట్టుకుంటాయి, అల్యూమినియం అలిజరిన్ అనే ఎరుపు రంగును పట్టుకుంటుంది. యూరప్ వాళ్ళు ఇదే పనికి ఆముదాన్ని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో చల్లగా కలిపి టర్కీ రెడ్ ఆయిల్ చేశారు. రోజుల పని గంటలకు దిగింది. అద్దకం వాళ్ళు ఇప్పటికీ కొంటారు.

లెక్కలు చూడు

ఇదిగో, నా మొదటి ప్రశ్నకు ఇప్పుడు ఒక దారి కనబడుతోంది. సెబాసిక్ కొనేవాడు ఎక్కడో ఉన్నాడు. టర్కీ రెడ్ ఆయిల్, రిసినోలియిక్ సబ్బు కొనేవాళ్ళు పోచంపల్లి, పుట్టపాక, చౌటుప్పల్ చుట్టూ ఉన్నారు. మెషిన్ షాపుల్లో కటింగ్ ఆయిల్ కలిపేవాళ్ళు కూడా రిసినోలియిక్ సబ్బు వాడతారు. కానీ తమ్మీ, డ్రమ్ము కాదు, సీసా తీసుకుని వెళ్ళు. ముందు శాంపిల్ చూపించి, ధర రాయించుకుని, తర్వాత షెడ్డుకు సున్నం కొట్టించు.

దేవరకొండ చెల్క

సరే అన్నా. రియాక్టర్ ఆలోచన పక్కన పెట్టేశాను. దోస్తులకు కూడా చెప్పాను, ఒకడు ఉత్సాహం తగ్గి తప్పుకున్నాడు. గానుగ అక్కా, మీ వెనక్కి వచ్చిన డ్రమ్ములు ఇంకా ఉన్నాయా? సగం విడిపోయిన నూనెనే ముందు తీసుకుని చేస్తే నాకు పని తక్కువ కదా.

కల్వకుర్తి గానుగ

ఒకటి ఉంది. దీపాల ఆముదంగా అమ్ముదామనుకున్నా. ఒక క్యాన్ నింపి ఉంచుతాను, వచ్చి తీసుకెళ్ళు. డబ్బులు తర్వాత చూసుకుందాం.

దేవరకొండ చెల్క

చాలా థ్యాంక్స్ అక్కా. సార్, ఎంత విడిపోయిందో ఎలా తెలుస్తుంది? వాసన చూస్తే తెలుస్తుందా?

నల్లగొండ కెమిస్ట్రీ సార్

వాసనతో కాదు, టైట్రేషన్‌తో. నమూనా 1 గ్రాము కచ్చితంగా తూచు. ముందే ఫినాఫ్తలీన్‌కు (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) తటస్థం చేసిన ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లలో కరిగించు. ఆముదం ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, మిగతా నూనెలకు ఈ సుఖం లేదు. 0.1 నార్మల్ కాస్టిక్ సోడాను బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులు. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపు. రీడింగును 5.61తో గుణిస్తే ఆసిడ్ వాల్యూ. మంచి ఆముదానికి అర మిల్లీలీటరు కూడా పట్టదు. పూర్తిగా విడిపోయి అంతా రిసినోలియిక్ అయితే ఆసిడ్ వాల్యూ 188, అంటే 33న్నర మిల్లీలీటర్లు పట్టాలి. ఎంజైము వేసిన దాంట్లో పలచటి ఎసిటిక్ ఆసిడ్ కూడా ఉంది కాబట్టి, నమూనాను ముందు వేడి నీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే దాన్ని కూడా లెక్కలో కలిపేస్తావు.

ఇంకొకటి. విడిపోయిన ఆసిడ్‌ను వేడిగా, నెలల తరబడి నిల్వ ఉంచకు. దానంతట అదే ఎస్టోలైడ్ అవుతూ ఆసిడ్ వాల్యూ పడిపోతుంది. అప్పుడు బయ్యర్‌తో గొడవ.

పాలమూరు బీఎస్సీ

అన్నా, మా కాలేజీ ల్యాబులో 50 మిల్లీలీటర్ల బ్యూరెట్లు ఉన్నాయి, డిజిటల్ త్రాసు కూడా ఉంది. మా మేడమ్‌ను అడిగాను, ప్రాజెక్టుగా రాసిస్తే చేయనిస్తామన్నారు. కడిగిన శాంపిల్స్ చిన్న సీసాల్లో పంపండి. మొదలుపెట్టినప్పుడు ఒకటి, తర్వాత ఆరేసి గంటలకు ఒకటి. సీసా మీద టైము, ఆ టైముకు షెడ్డు ఎంత వేడిగా ఉందో రాయడం మర్చిపోకండి.

దేవరకొండ చెల్క

తప్పకుండా చెల్లీ. థర్మామీటరు మాత్రం కొనాలి.

బి షిఫ్ట్

గోడకు తగిలించేది కాదు, డ్రమ్ములో ముంచేది కొను.